సంతకం పెట్టిన ఖాళీ కాగితం

బహ్రెయిన్‌లో పదహారేళ్ళు ఉద్యోగం చేశాను. అందులో పాస్ క్లర్కుగా ఉన్నది పద్నాలుగు నెలలే. అంతకు ముందు టైపిస్టుని, ఆ తర్వాత స్టోర్‌కీపర్ని. అయినా మా వీధి కుర్రాళ్ళెవరైనా విమానం ఎక్కే ముందు వచ్చి "అక్కడ ఎలా ఉండాలి మాస్టారూ" అని అడిగితే, ఆ పద్నాలుగు నెలల సంగతే చెబుతాను. అందులో నేను చేసిన ఘనకార్యం ఏదో ఉందని కాదు. ఒక మంచి పనివాడి పేరు చెడింది. చెడడానికి దారి నా బల్ల మీదుగానే పోయింది. ఈ వయసులో దాన్ని దాచుకుని నేను సాధించేది కూడా ఏమీ లేదు.

తొంభైల నడిమి మాట. ఏసీలు బిగించి, మరమ్మతులు చేసే చిన్న కంపెనీ మాది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక దర్జీ దుకాణం మీద రెండు గదులే ఆఫీసు. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన నా టైప్‌రైటర్ చప్పుడు. పక్క సందులో రొట్టెల బట్టీ. పొద్దున్నే వేడి వేడి ఖుబ్జ్ రొట్టె కాగితంలో చుట్టుకుని మెట్లెక్కేవాణ్ణి. గోదావరి వైపు నుంచి వెళ్ళినవాణ్ణి కదా, మొదట్లో పొద్దున్నే రొట్టె అంటే జ్వరమొచ్చినట్టు అనిపించేది. ఏడాది తిరిగేసరికి ఆ వాసన తగలందే చేతివేళ్ళు టైపు చెయ్యడానికి లేచేవి కావు. ఫోను కార్డులో మిగిలిన నిమిషాలు లెక్కపెట్టుకుంటూ టెలిఫోన్ బూత్ ముందు వరసలో నిలబడడం, ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్టుని పాడైపోతుందేమోనని భయపడుతూనే మళ్ళీ మళ్ళీ వినడం, శుక్రవారం బట్టలుతుక్కుని మిద్దె మీద ఆరేసి సముద్రం వైపు చూస్తూ కూర్చోవడం, ఇవే మా వినోదాలు. ఇప్పుడు తలుచుకుంటే వాటిలో కష్టం కనబడదు, గాలి మాత్రమే గుర్తొస్తుంది.

మా మేనేజరు సైట్ల మీద తిరిగే మనిషి. తను ఆఫీసులో లేనప్పుడు కాగితాలు ఆగిపోకూడదని, వారానికి పదో పదిహేనో కంపెనీ లెటర్‌హెడ్ల మీద అడుగున సంతకం పెట్టి, ముద్ర కొట్టి నాకు ఇచ్చేవారు. పైన ఏం కావాలో నేను టైపు చేసుకోవాలి. నా మీద అంత నమ్మకమని నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ కాగితాలు పెట్టే సొరుగుకి తాళం ఉండేది. తాళంచెవి సొరుగుకే వేలాడుతూ ఉండేది.

ఆ ఏడాది మాకు పెద్ద కాంట్రాక్టు వచ్చింది. చుట్టూ కంచె, గేటు దగ్గర తుపాకులతో కాపలా ఉన్న ప్రాంగణం. లోపల ఏముందో మాకు తెలియదు. ఏసీలు చాలా ఉన్నాయని మాత్రం తెలుసు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ సెక్యూరిటీ క్లియరెన్స్ రావాలి. నాలుగు పేజీల ఫారం, పాస్‌పోర్టు నకలు, సీపీఆర్ అనే గుర్తింపు కార్డు నకలు, ఫొటోలు. ఇవన్నీ సిద్ధం చేసి పాస్ ఆఫీసుకి తీసుకెళ్ళే పని నాది. కాంట్రాక్టు మాట మొదలైన నాటి నుంచే అందరి నకళ్ళూ ఎక్కువే తీయించి ట్రేలో పేర్చి ఉంచేవాణ్ణి, మళ్ళీ మళ్ళీ వీధిలోని జిరాక్సు దుకాణానికి దిగక్కర్లేదని.

లోపల డ్యూటీకి జీతం ఇంచుమించు రెట్టింపు. పన్నెండు మందిని ఎంపిక చేశారు. అందులో మొదటి పేరు మా ఏసీ మెకానిక్కుది.

కరీంనగర్ వైపు మనిషి. ముప్ఫై దాటాయి. పొట్టి, మాట తక్కువ. పాడైన ఏసీ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేవాడు, చంటిబిడ్డకి జ్వరం చూసినట్టు. తర్వాత లోపల ఏది పోయిందో చెప్పేవాడు. మూత విప్పితే చాలాసార్లు అదే పోయి ఉండేది. చదువు నాలుగో తరగతి. సంతకం తెలుగులోనే పెట్టేవాడు, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా, నిదానంగా. ఫారాలు నింపేటప్పుడు ప్రశ్నలు నేను చదివి చెబితే అతను జవాబు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. "అప్పులు ఏమైనా ఉన్నాయా" అన్న ప్రశ్నకి "ఊళ్ళె ఏజెంటుకు ఇయ్యాల్సింది పోయినేడే ఇచ్చేసిన సారూ, ఇగ ఎవ్వలకు లేదు" అన్నాడు. ‘లేదు’ అని రాశాను.

నెలన్నరకి పదకొండు పాసులు వచ్చాయి. అతని ఫారం ఎర్ర ముద్రతో వెనక్కి వచ్చింది.

పాస్ ఆఫీసులో ఆ పని చూసేది బహ్రెయినీ పెద్దాయన. కర్జకాన్ అనే పల్లె నుంచి రోజూ కారులో వచ్చేవాడు. హజ్ చేసి వచ్చిన మనిషని అందరం హాజీ అనేవాళ్ళం. ఖర్జూరాల కాలంలో తన తోటలో కాసినవి చిన్న బుట్టలో తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, కాగితాలు తెచ్చిన ప్రతివాడూ ఒకటి తినాల్సిందే. హిందీ, అరబ్బీ కలిపి నిదానంగా మాట్లాడేవాడు.

"నీ మెకానిక్ మీద కోర్టులో కేసుంది భాయ్. వాయిదాల మీద సామాన్ తీసుకున్నాడు, కట్టలేదు. తొమ్మిది వందల దీనార్లు. క్లియరెన్స్ ఖలాస్. కేసు తేలేదాకా దేశం దాటడానికి కూడా వీల్లేదు" అన్నాడు.

"అప్పుకీ ఏసీ రిపేరుకీ ఏం సంబంధం హాజీ?" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అప్పు నాకూ ఉంది, ఇంటి మీద. కాగితంలో రాశాను, కడుతున్నాను. అందులో భయం లేదు. దాచిన అప్పు వేరు. దాచినవాడి దగ్గరికి ఒకడు వస్తాడు. నీ బాకీ నేను తీరుస్తాను, లోపల ఫలానా గదికి ఎన్ని తలుపులో చెప్పు చాలు అంటాడు. నీవాడు ఫారంలో అప్పు లేదని రాశాడు. ఇప్పుడు అతని మీద రెండున్నాయి, అప్పు ఒకటి, అబద్ధం ఒకటి. నా దగ్గర రెండోదే పెద్దది."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి రాగానే మెకానిక్కుని ఆఫీసుకి పిలిపించాను. నాకు కోపంగా ఉంది. కష్టపడి నింపిన ఫారం, కంపెనీ పరువు, అన్నీ నావే అన్నట్టు ఉంది.

"ఎక్కడ తగలేశావయ్యా తొమ్మిది వందల దీనార్లు?"

"ఏం దీనార్లు సారూ?"

"రెండు టీవీలు, వీసీఆర్, ఫ్రిజ్. నీ పాస్‌పోర్టు నకలు, సీపీఆర్ నకలు షాపు వాళ్ళ దగ్గరున్నాయి."

"నేను గా దుకాణం మొఖం గూడ సూడలే సారూ. క్యాంపుల ఒక్క రూముల ఎనిమిది మందిమి పంటం. నాకు కాళ్ళు సాపుకోను జాగ లేదు, ఫ్రిజ్ ఏడ వెట్టుకుంట?"

"దొరికిపోయాక అందరూ అలాగే అంటారు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అతను తక్కువ మాట్లాడతాడు కాబట్టి ఏదో దాస్తున్నాడనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దానికి వస్తాను.

అతను గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "పై నెల ఇంటికి వోవాలె సారూ. టికెట్ గూడ అయింది. బిడ్డ పుట్టినంక నేను సూడనేలే. క్యాసెట్ల మాట్లాడుతది, నాయినా నువ్వు పెద్దగుంటవా, సన్నగుంటవా అని అడుగుతది." అంతే. దిగి వెళ్ళిపోయాడు.

క్యాంపులో కబురు పాకింది. అతని గదిలోవాళ్ళు పెట్టెలకు తాళాలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదట, తాళాలు మాత్రం వేసుకున్నారు. అతను వాళ్ళతో కలిసి తినడం మానేసి, మంచం మీద గోడ వైపు తిరిగి తినేవాడని క్యాంపు వంటాయన నాతో చెప్పాడు.

ఆ శనివారం ఒక గంట అనుమతి అడిగి, నన్ను మనామాలో ఆ షాపుకి తీసుకెళ్ళమన్నాడు. "నాకు సదువు రాదు సారూ, నువ్వు సూసి చెప్పు" అన్నాడు. కాదనలేక వెళ్ళాను. షాపు యజమాని విసుక్కుంటూనే ఫైలు తెచ్చాడు. ఒప్పందం మీద ఇంగ్లీషులో వంకీలు తిరిగిన సంతకం. మెకానిక్కు దాన్ని వేలితో తడిమి చూశాడు.

"ఇది నాది గాదు. నా పేరు ఇంగ్లీషుల ఎట్ల రాస్తరో నాకు తెల్వనే తెల్వదు."

"అది కోర్టులో చెప్పుకో" అన్నాడు యజమాని హిందీలో. "పాస్‌పోర్టు నకలుంది. కంపెనీ ఇచ్చిన జీతం సర్టిఫికెట్టుంది. ఇంకేం కావాలి?"

ఆ సర్టిఫికెట్టు నా చేతికిచ్చాడు. మా లెటర్‌హెడ్డే. మా మేనేజరు సంతకమే, దొంగది కాదు. మా ముద్రే. నడుమ నాలుగు లైన్ల ఇంగ్లీషు. చదువుతుంటే నా కళ్ళు ఒక అక్షరం దగ్గర ఆగిపోయాయి. నా టైప్‌రైటర్‌లో ఇంగ్లీషు చిన్న ‘e’ అక్షరానికి సిరా పట్టేసి, మధ్య ఉండాల్సిన కన్ను పూడిపోయి, నల్ల చుక్కలా పడేది. శుభ్రం చెయ్యాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆ కాగితం నిండా నల్ల చుక్కలే.

నేను టైపు చెయ్యలేదు. నా కుర్చీలో కూర్చుని ఆ మిషన్ని తాకిన ఇంకో మనిషి ఒక్కడే ఉన్నాడు.

తిరిగి వస్తుంటే మెకానిక్కు అడిగాడు. "ఏమైంది సారూ, మొఖం గట్లయింది?"

"ఎండ" అన్నాను. అది చలికాలం.

ఆ ఒక్క మనిషి మా ఊరివాడు. ఊళ్ళో ఒకే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పక్కపక్క మిషన్ల మీద నేర్చుకున్నాం. అద్లియాలో ఒక రెస్టారెంటులో వంటపని చేసేవాడు. గురువారం మధ్యాహ్నం పని అయ్యాక చేపల పులుసు క్యారేజీ పట్టుకుని మా ఆఫీసుకి వచ్చేవాడు. పరాయి దేశంలో మన యాస వినబడడం ఎంత సుఖమో అప్పట్లో వెళ్ళినవాళ్ళకే తెలుసు. ఆరేడు నెలల కిందట ఒకరోజు, "మా ఓనరు జీతం కాగితం ఇవ్వట్లేదురా, చిన్న అప్పు కావాలి, మీ కంపెనీలో చేస్తున్నట్టు ఒక ముక్క ఇవ్వవా" అని అడిగాడు. అది తప్పని నాకు తెలుసు. అయినా మావాడు. సొరుగు తెరిచి సంతకం పెట్టిన కాగితం ఒకటి తీసిచ్చి, "నువ్వే కొట్టుకో, నాకు పనుంది" అని నకళ్ళు తీయించడానికి కిందికి దిగాను. నకళ్ళ ట్రే అతని మోచేతి పక్కనే ఉంది.

ఇది తెలిశాక కూడా రెండు రోజులు నేను నోరు విప్పలేదు. నేను చేసిన పనుల్లో కాగితం ఇవ్వడం కంటే ఈ రెండు రోజులే నన్ను ఎక్కువ సిగ్గుపెడతాయి.

మూడో రోజు సాయంత్రం నడుచుకుంటూ అద్లియా వెళ్ళాను. రెస్టారెంటు వెనక గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాడు.

"రారా, కూర్చో. రొయ్యలు బాగున్నాయి, రెండు ముద్దలు తినెళ్దువుగాని."

"ఆ టీవీలు ఏం చేశావురా?"

చేతులు ఆగలేదు. ఇంకో మూడు రొయ్యలు ఒలిచాడు. "అమ్మేశాను. సగానికి."

"ఎందుకురా?"

"ఏజెంటు అప్పురా. వడ్డీ కట్టలేదని మా ఇంటి మీదకి మనుషుల్ని పంపాడు. మా ఆవిడ ఫోనులో ఏడ్చింది. నాలుగు వాయిదాలు కట్టాను, నిజం. తర్వాత ఇక్కడ జీతాలు ఆపేశారు. నన్నేం చెయ్యమంటావ్?"

"అతని పేరే ఎందుకు పెట్టావ్?"

"పైనున్న కాగితం తీశాను. అతనెవరో కూడా నాకు తెలీదు. తెలంగాణా వాడెవడోలే అనుకున్నాను. మనోడు కాదుగదా."

ఆ మాట వినగానే నాకు ముందు కోపం వచ్చింది, వెంటనే చల్లారిపోయింది. మెకానిక్కుని ఆఫీసులో నిలబెట్టి ‘అందరూ అలాగే అంటారు’ అన్నప్పుడు నా మనసులో ఉన్నదీ అదే. మావాడైతే అలా అనేవాణ్ణి కాదు.

"రేపు నాతో పాస్ ఆఫీసుకి రా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెబితే నాకు జైలు." చేతులు కడుక్కుని నా వైపు తిరిగాడు. "మరి నీకు? ఆ కాగితం నువ్వే ఇచ్చావుగదరా." బెదిరిస్తున్నట్టు కాదు, జాలిపడుతున్నట్టు అన్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, "సర్లే, వస్తాను. ఎనిమిదింటికి బస్టాపు దగ్గరుండు" అన్నాడు.

ఉన్నాను. ఎనిమిది, తొమ్మిది, పది అయింది. మళ్ళీ అద్లియా వెళ్తే, అతనితో పనిచేసే ఇంకో వంటాయన గిన్నెలు సర్దుకుంటూ చెప్పాడు. పొద్దున విమానంలో ఇంటికి వెళ్ళిపోయాడట. సెలవు ముందే తీసి ఉంచుకున్నాడట. అతని పేరు మీద ఏ కేసూ లేదు మరి, ఎవరు ఆపుతారు? ఏ తప్పూ చెయ్యనివాడు దేశం దాటలేకుండా ఉన్నాడు, చేసినవాడు ఎగిరిపోయాడు. ఇక జరిగింది చెప్పగలవాణ్ణి ఆ దీవి మీద నేనొక్కణ్ణే మిగిలాను.

మేనేజరుకి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. నాకు ఉద్యోగం ఇచ్చినాయన, మా నాన్న పోయినప్పుడు టికెట్టు డబ్బు తన జేబులోంచి తీసిచ్చినాయన. అంతా విని, లేచి వెళ్ళి గది తలుపు వేశారు.

"నువ్వు నోరు విప్పావంటే, సంతకాలు పెట్టి ఖాళీ కాగితాలు ఇచ్చే కంపెనీ అని మన పేరు పోతుంది. కాంట్రాక్టు పోతుంది. లోపలున్న పదకొండు మంది సంగతేంటి? వాళ్ళ జీతాలు సగమైపోతే నువ్విస్తావా? అతన్ని ఇంకో సైటుకి పంపుదాం. ఏడాదో రెండేళ్ళో పోతే కేసు అదే సర్దుకుంటుంది. నువ్వు ఊరుకో" అన్నారు.

అందులో ఒక్క మాట కూడా తీసిపారేసేది కాదు. ఆ పదకొండు మందీ నాకు తెలిసినవాళ్ళే. కొందరు ఆ జీతం నమ్ముకుని ఇంటి పునాదులు తవ్వించుకున్నారు. కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా ఒక్క కాగితం ముట్టలేదు. ఆఖరికి లేచి వర్క్‌షాపుకి వెళ్ళాను. హాజీ దగ్గరికి వెళ్ళే ముందు ఈ సంగతి తెలియాల్సిన మనిషి ఒకడున్నాడు.

మెకానిక్కు కాయిల్‌కి పట్టిన దుమ్ము బ్రష్షుతో దులుపుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. కాగితం, ట్రే, మా ఊరివాడు, ఎండ అని చెప్పిన అబద్ధం, అన్నీ. అతను బ్రష్షు ఆపలేదు. అంతా అయ్యాక దాన్ని డబ్బా మీద పెట్టి, నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"దొరికినంక అందరు గట్లనే అంటరు అన్నవ్ గద సారూ" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"ఇప్పుడు నువ్వు గూడ అనొచ్చు, నాకు తెల్వది అని. ఎవ్వలడుగుతరు?" చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "పా, పోదాం."

హాజీ మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. నేను చెబుతుంటే పెన్ను ముట్టకుండా విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఆ కాగితానికి డబ్బు తీసుకున్నావా?"

"లేదు హాజీ."

"మరెందుకిచ్చావ్?"

"మా ఊరివాడు. మావాడు అని."

హాజీ మెకానిక్కు వైపు చేయి చూపించాడు. "మరి ఇతనెవరివాడు?"

ఇప్పటికీ ఆ ప్రశ్న వినబడ్డప్పుడల్లా మంచి జవాబు కోసం వెతుక్కుంటాను.

"రాయి" అని కాగితం ముందుకు తోశాడు. "అంతా రాయి. కానీ నీ ఒక్కడి మాట చాలదు. అడుగున ఉన్న సంతకం ఎవరిదో అతను వచ్చి, ఖాళీ కాగితం మీద పెట్టానని ఒప్పుకోవాలి. లేకపోతే నువ్వు స్నేహితుడి కోసం కథ అల్లావంటారు. రేపు పన్నెండు లోపల."

మేనేజరుకి ఆ సంగతి ఫోనులో చెప్పాను. ఆయన ఫోను పెట్టేశారు. మర్నాడు పొద్దున నేనూ, మెకానిక్కూ పాస్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాం. పది దాటింది, పదకొండు దాటింది. అతను గేటు వైపు ఒక్కసారీ చూడలేదు, నేను చూపు తిప్పలేదు. పదకొండున్నరకి మేనేజరు కారు వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగారు. నన్ను చూడనట్టే దాటి వెళ్ళి మెకానిక్కు ముందు ఆగారు.

"నా సంతకమే బాబూ అది" అన్నారు హిందీలో. "నీకు సంబంధం లేదు."

లోపలికి వెళ్ళి అదే మాట కాగితం మీద రాసిచ్చారు.

ఆ తర్వాతంతా నడక. పోలీసు స్టేషను, కోర్టు, మళ్ళీ స్టేషను. అసలు పాస్‌పోర్టు చూడకుండా నకలు మీదే సరుకు ఇచ్చానని షాపు యజమాని చివరికి ఒప్పుకుని కేసు వెనక్కి తీసుకునేసరికి అయిదు నెలలు పట్టింది. మెకానిక్కు టికెట్టు మురిగిపోయింది. కాంట్రాక్టు పోలేదు, హెచ్చరిక లేఖతో సరిపెట్టారు. అది హాజీ చలవేనని మా అనుమానం. ఆయన ఎన్నడూ చెప్పలేదు. పాస్ ఆఫీసు పని కోసం నాకూ ఇచ్చిన క్లియరెన్స్ రద్దయింది. మేనేజరు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, పాస్ పని మాత్రం తీసేసి క్యాంపు స్టోరులో వేశారు. దుప్పట్లు, బల్బులు, సబ్బులు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు స్టోరుకి వచ్చి, "సంతకం పెట్టిన కాగితాలన్నీ చింపేశానయ్యా, ఇప్పుడు ఆఫీసులో ఒక్క పనీ కదలట్లేదు" అని నవ్వేశారు. ఇద్దరం టీ తాగాం.

ఆరో నెలలో మెకానిక్కుకి క్లియరెన్స్ వచ్చింది. అంతకు ముందే సెలవు మీద ఇంటికి వెళ్ళివచ్చాడు. ఊరి నుంచి వచ్చిన రోజే స్టోరు ముందు సంచీ దించి, సకినాల పొట్లం ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

"మా బిడ్డ నన్ను సూసి సన్నగున్నవ్ అన్నది అన్నా" అన్నాడు. సారూ పోయి అన్నా వచ్చిన రోజు అదే. నేను దాన్ని ఎత్తి చూపలేదు. చూపితే మళ్ళీ సారూ అంటాడేమోనని.

ఆధార్ కార్డు ఫొటో తీసి ఎవరు అడిగితే వాళ్ళకి ఫోనులో పంపేసే పిల్లల్ని చూస్తే నాకు ఆ ట్రే గుర్తొస్తుంది. మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఆ నకలు వెనకాల ఒక మనిషి ఉంటాడని, అతని ఉద్యోగమూ ప్రయాణమూ దానికి అతుక్కుని ఉంటాయని మాత్రం చెప్పగలను. పోగొట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నాలుగేళ్ళకి ఆ ప్రాంగణం లోపలే స్టోరు పెట్టాల్సి వచ్చింది. మేనేజరు నా పేరు రాశారు. ఫారం మళ్ళీ నింపాను. ‘ఇంతకు ముందు మీ క్లియరెన్స్ రద్దయిందా’ అన్న చోట అవునని రాసి, ఎందుకు రద్దయిందో ఒక పేజీ నిండా రాశాను. హాజీ అప్పటికి పదవీ విరమణ చేసి కర్జకాన్ తోటలో ఉన్నాడు. కొత్త అధికారి కుర్రవాడు, చాలా కచ్చితం. లోపల మూడేళ్ళకు తక్కువ కాకుండా పనిచేసిన మనిషి ఎవరైనా నా గురించి వచ్చి చెప్పాలన్నాడు. ఎవర్ని అడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు. నేను అడగకముందే మెకానిక్కు వెళ్ళాడు. అప్పటికి లోపల అతను ఫోర్‌మాన్.

గేటు బయట నిలబడి ఉన్నాను. అరగంటకి బయటికొచ్చాడు.

"ఏమడిగారు?"

"ఈయన వల్లనే గద నీ మీద కేసయింది, మల్ల ఈయన కోసం నువ్వెందుకొచ్చినవ్ అని అడిగిండు."

"నువ్వేమన్నావ్?"

అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఈన గలతీ జేసిండు, తానే వచ్చి చెప్పిండు. గది నేను కండ్లార సూసిన. గలతీ చెయ్యనోళ్ళు ఎట్లుంటరో నాకెర్కలే, గందుకే వాళ్ళకు నేను సాక్ష్యం ఇయ్యలేను అన్న."

పదిహేను రోజులకి నా పాస్ వచ్చింది.